జీడిపప్పు పీలింగ్ హాల్లో 64 మంది: సంక్రాంతి సెలవుల తర్వాత కరోనా జాగ్రత్తలు ఎలా?

పర్లాకిమిడి_పప్పు
2022 జనవరి 9

అందరికీ నమస్కారం. ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర ఒక జీడిపప్పు యూనిట్‌కి సూపర్‌వైజర్‌ని. పిక్కలు ఉడకబెట్టే కుక్కర్, కటింగ్ రెండూ బయట రేకుల షెడ్డులో జరుగుతాయి. నాలుగు వైపులా తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడ పెద్దగా దిగుల్లేదు. దిగులంతా పీలింగ్, గ్రేడింగ్ హాలు గురించే.

హాలు 50 అడుగుల పొడవు, 30 వెడల్పు, 12 ఎత్తు. ఎనిమిది బల్లలు, బల్లకి ఎనిమిది మంది చొప్పున 64 మంది ఆడవాళ్ళు. తూర్పు గోడకి మూడు కిటికీలు, పడమటి గోడకి మూడు. ఒక్కోటి నాలుగడుగులు బై మూడడుగులు, అన్నిటికీ దోమల మెష్ ఉంది. పడమటి గోడకి పైన రెండు ఎగ్జాస్టు ఫ్యాన్లు ఉన్నాయి గానీ వేసేవాళ్ళు లేరు. ఫ్యాన్ వేస్తే పొట్టు ఎగిరి వొలిచిన పప్పు మీద పడుతుందని, కిటికీ తీస్తే చలి అని, రెక్కలన్నీ మూసేసి కూర్చుంటారు. పక్కనే ఏసీ ప్యాకింగ్ గది, 20 బై 15, ఎత్తు 10. అందులో ఆరుగురు.

మనుషుల్లో సగం మంది పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి, మిగతా సగం కాశీనగర్, గుమ్మా వైపు నుంచి ఆటోల్లో వస్తారు. 13 నుంచి పండగ సెలవులు, 17 సోమవారం మళ్ళీ పని మొదలు. ఇప్పటివరకు ఉన్న ఏర్పాట్లు: గేటు దగ్గర థర్మల్ గన్, శానిటైజర్ స్టాండు, సాయంత్రం బ్లీచింగ్ నీళ్ళ పిచికారీ. బల్లల మధ్య ప్లాస్టిక్ షీట్లు వేలాడదీయాలని యజమాని అంటున్నారు. వీటిలో ఏది ఉంచాలి, ఏది మార్చాలి? యూనిట్ మూసేసే పరిస్థితి లేదు, అందరూ కిలో లెక్కన కూలి తీసుకునేవాళ్ళే.


ఎగ్జాస్టు_రాయగడ
2022 జనవరి 9

అన్నా, ముందు గాలి సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. కరోనా ఎక్కువగా ఊపిరితో, మాటతో బయటికొచ్చే సన్నటి తుంపరల ద్వారా అంటుకుంటుంది. మూసిన హాల్లో అవి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టినా, గాలి మారకపోతే మధ్యాహ్నానికి అందరూ ఒకరు వదిలింది ఒకరు పీల్చినట్టే.

లెక్క ఇదీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో ఇచ్చిన గాలి మార్గదర్శకాల్లో, ఆసుపత్రులు కాని చోట్ల మనిషికి సెకనుకి కనీసం 10 లీటర్ల బయటి గాలి ఉండాలని చెప్పింది. గంటకి 36 ఘనపు మీటర్లు. 64 మందికి 2,304. మీ హాలు 18,000 ఘనపుటడుగులు, అంటే 510 ఘనపు మీటర్లు. గంటకి 3,000 ఘనపు మీటర్ల గాలి లాగగలిగితే హాల్లో గాలి గంటకి దాదాపు ఆరుసార్లు మారుతుంది. ఆ 3,000 గుర్తు పెట్టుకోండి.

ఎగ్జాస్టు ఫ్యాన్ ప్లేటు మీద సీఎంహెచ్ అని ఒక అంకె ఉంటుంది. గంటకి ఎన్ని ఘనపు మీటర్లో అదే. సీఎఫ్ఎం అని ఉంటే 1.7తో గుణించండి. ప్లేటు మీద ఉన్నదంతా మీకు దక్కదు. మెష్, బయట రేకు మూత, రెక్కలకి పట్టిన దుమ్ము పోను మూడింట రెండొంతులు వస్తుందనుకోండి. రెండు ఫ్యాన్లూ కలిపి ప్లేటు మీద 4,500 ఉంటే సరిపోతుంది.

ఇక పొట్టు ఎగరడం. ఇక్కడే అందరూ పొరపడతారు. పొట్టుని ఎగరేసేది ఫ్యాన్ కాదు, ఇరుకు సందులోంచి దూసుకొచ్చే గాలి. ఎగ్జాస్టు లాగే గాలి ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి కదా. అన్నీ మూసి ఒక్క కిటికీ తీస్తే మొత్తం గాలి అందులోంచే వస్తుంది. మెష్ వల్ల కిటికీలో సగమే ఖాళీ అనుకుంటే, ఒక్క కిటికీలో గాలి సెకనుకి దాదాపు మీటరున్నర వేగంతో వస్తుంది. బల్ల మీద పొట్టు నిలవదు. అవే ఫ్యాన్లకి తూర్పు కిటికీలు మూడూ బార్లా తీస్తే వేగం అర మీటరుకి పడిపోతుంది. గాలి అంతే వస్తుంది, విసురు మాత్రం ఉండదు. కాబట్టి పొట్టు ఎగురుతోందంటే కిటికీలు ఇంకా తెరవాలి, మూయకూడదు.

తూర్పువి తీసినప్పుడు ఫ్యాన్లున్న పడమటి గోడ కిటికీలు మాత్రం మూసెయ్యండి. అవి తెరిచి ఉంటే ఫ్యాన్ తన పక్కనున్న కిటికీ గాలినే లాక్కుని బయటికి తోసేస్తుంది. హాలు మధ్యలో గాలి కదలదు. జనవరిలో మన వైపు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి మీకు తూర్పు లోపలికి, పడమర బయటికి బాగా కుదురుతుంది.

మెష్ సంగతి మరిచిపోవద్దు. జీడి పొట్టు దుమ్ముకి కొంచెం జిడ్డు ఉంటుంది, మెష్‌కి అంటుకుంటే ఊడదు. ఒక కిటికీ మెష్ వెనక టార్చి పెట్టి చూడండి, వెలుతురు మసకగా వస్తే గాలి కూడా అంతే. వారానికోసారి మెష్ చట్రం విప్పి సబ్బునీళ్ళతో బ్రష్ కొట్టి ఆరబెట్టాలి. అందుకే చట్రాన్ని మేకులతో కాకుండా బోల్టులతో బిగించండి.

ఫ్యాన్ తిరుగుతోంది కదా అని వదిలెయ్యద్దు. త్రీ ఫేజ్ ఫ్యాన్ అయితే, లైను పని చేసినప్పుడు రెండు ఫేజులు అటూ ఇటూ మారితే ఉల్టా తిరుగుతుంది. చప్పుడు అదే, గాలి మాత్రం లోపలికి. ఉదయం ఫ్యాన్ వేయగానే కర్రకి కట్టిన పల్చటి కాగితం ముక్క దగ్గర పెట్టండి. ఫ్యాన్ వైపు అతుక్కోవాలి. మీ వైపు ఎగిరితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఏవైనా రెండు ఫేజు వైర్లు మార్పించండి.

సీలింగ్ ఫ్యాను, బల్ల ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతాయి, కొత్త గాలి తేవు. స్ప్లిట్ ఏసీ కూడా అంతే, అదే గాలిని చల్లబరిచి అదే గదిలోకి వదులుతుంది. మీ ప్యాకింగ్ గదికి ఆరుగురి లెక్కన గంటకి 216 ఘనపు మీటర్లు కావాలి. ప్లేటు మీద 325కి తగ్గని ఆరంగుళాల చిన్న ఎగ్జాస్టు ఒకటి పైన పెట్టి, ఎదురుగా తలుపు కింద రెండంగుళాల సందు వదిలితే చాలు. ఏసీ బిల్లు కొంచెం పెరుగుతుంది. అది భరించాల్సిందే.

ప్లాస్టిక్ షీట్లు వద్దు. ఎదురెదురుగా దగ్గినప్పుడు పెద్ద తుంపరలు ఆపుతాయేమో గానీ, పైనుంచి కిందికి వేలాడదీస్తే గాలి దారికి అడ్డుపడి బల్ల బల్లకీ ఒక నిలవ గాలి గది తయారవుతుంది. ఆ డబ్బుతో కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనండి, మనుషులు వదిలిన ఊపిరి హాల్లో ఎంత నిలవ ఉందో అది చూపిస్తుంది. ఎన్‌డీఐఆర్ సెన్సర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. బయట 420 పీపీఎం (పది లక్షల వంతుల్లో 420) దగ్గర చూపిస్తుంది. హాల్లో మనిషికి 10 లీటర్లు అందుతుంటే 900, 950 మధ్య నిలుస్తుంది. 1,500 దాటితే గాలి చాలడం లేదని అర్థం. మీటరు ఎవరి మొహానికీ దగ్గరగా పెట్టకండి. జీడి తొక్క మండించే పొయ్యి పొగ వచ్చే కిటికీ పక్కన కూడా వద్దు, అంకె తప్పు చూపిస్తుంది.


టెక్కలి_రోడ్
2022 జనవరి 9

గేటు దగ్గర మందు చల్లే టన్నెల్ పెట్టేస్తే సరిపోదా? 2020లో చాలా చోట్ల పెట్టారు కదా. మనిషి నడిచి వస్తే పైనుంచి కింద దాకా శుభ్రం అయిపోతుంది.


నాణ్యత_గుణుపూర్
2022 జనవరి 10

టన్నెల్ ఆలోచన పూర్తిగా మానెయ్యండి, తమ్ముడూ. మనుషుల మీద క్లోరిన్ మందు చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. బట్టల మీద చల్లితే ఊపిరితిత్తుల్లో ఉన్న వైరస్ పోదు. కళ్ళు, గొంతు మండుతాయి. పైగా ఆ వాసనతో వచ్చి పప్పు ముట్టుకుంటారు. జీడిపప్పులో నూనె ఎక్కువ, ఏ వాసన తగిలినా పట్టేస్తుంది. క్లోరిన్ వాసన పట్టిన డబ్ల్యూ 320 గ్రేడు పప్పు డబ్బా తిరిగొస్తే దాన్ని బాగుచేసే మార్గం లేదు.

పప్పు గారూ, మీ సాయంత్రం పిచికారీ కూడా ఇదే కారణంతో ఆపాలి. పిచికారీ వల్ల మందు అన్ని చోట్లా సమంగా తడవదు, పొట్టు దుమ్ము కింద ఉన్న చోటికి అసలు చేరదు. వస్తువులు ముట్టుకోవడం వల్ల అంటుకునే అవకాశం చాలా తక్కువని, ఒకసారి ముట్టుకుంటే పదివేలలో ఒక వంతు కన్నా తక్కువని అమెరికా సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. అందరి చేతులూ తగిలే చోట్ల మాత్రం తుడిస్తే చాలు: తలుపు గడియలు, కుళాయి తలలు, మరుగుదొడ్డి, తూకం మిషను బటన్లు, హాజరు పుస్తకం దగ్గర పెన్ను.

తుడవడానికి 0.1 శాతం క్లోరిన్ నీళ్ళు. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, కాబట్టి 10 లీటర్ల బకెట్‌కి 33 గ్రాములు. గుప్పెడు లెక్క వద్దు, మీ దగ్గర గ్రాముల తూకం ఉంది. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి పావుగంట తేరనిచ్చి పైన నీళ్ళు వంచుకోండి. అడుగున మిగిలే సున్నం లాంటి మడ్డి గుడ్డకి అంటితే తెల్ల చారలు పడతాయి. ముందు సబ్బునీళ్ళతో మురికి తీసి, తర్వాత ఈ నీళ్ళతో తడిపి పది నిమిషాలు తడిగానే ఉంచి, మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే. మూతి తెరిచిన సంచిలో పౌడర్ నెలల తరబడి ఉంటే బలం పోతుంది, ఘాటైన వాసన తగ్గిపోయిందంటే మార్చెయ్యండి.

మరుగుదొడ్డిలో యాసిడ్ వాడిన రోజున బ్లీచింగ్ వెయ్యకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. శుభ్రం చేసే అమ్మకి ఇది నోటితో, రెండు సీసాలూ చూపించి చెప్పండి. సీసా మీద అక్షరాలు చదువుకుంటుందని వదిలెయ్యద్దు.

పప్పు తగిలే బల్లలకి, ట్రేలకి బ్లీచింగ్ వద్దే వద్దు. అల్యూమినియం ట్రేలు నల్లబడి గుంటలు పడతాయి. సబ్బునీళ్ళు చాలు, ఈ వైరస్ పైపొర కొవ్వు, సబ్బుకి కరిగిపోతుంది. స్టీలు బల్ల అయితే కడిగి తుడిచాక 70 శాతం ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. అది కూడా పని అయిపోయాక, కుక్కర్‌కీ డ్రయర్‌కీ దూరంగా. చెక్క బల్ల అయితే తడి ఇంకిపోయి బూజు పడుతుంది. పైన స్టీలు రేకు కొట్టించడం మంచిది.

చేతుల సంగతి. జీడి పని చేసే చేతులకి శానిటైజర్ ముందు మందు కాదు. కటింగ్ వాళ్ళు పిక్క తొక్కలోంచి కారే జీడి అంటకుండా నూనె రాసుకుంటారు. నూనె మీద ఆల్కహాల్ పని చెయ్యదు. జీడి కాలిన చోట పోస్తే భగ్గుమంటుంది, రెండో రోజు నుంచి ఎవరూ ఆ స్టాండు దగ్గరికి రారు. సబ్బూ నీళ్ళే పెట్టండి. బయట గోడకి అంగుళం పీవీసీ పైపు అడ్డంగా వేసి, రెండేసి అడుగుల దూరంలో నాలుగు కుళాయిలు, పైన 500 లీటర్ల ట్యాంకు. తోమడం 20 సెకన్లు, మొత్తం నిమిషం అనుకుంటే 16 మందికి నాలుగు నిమిషాలు పడుతుంది. తుడుచుకోవడానికి ఒకే తువ్వాలు వేలాడదీయద్దు, ఎవరి గుడ్డ వాళ్ళది.

ఎగ్జాస్టు గారు చెప్పిన కిటికీల లెక్క సరైనదే, ఒక్క మాట కలుపుతాను. డ్రయర్‌లోంచి వచ్చిన పప్పులో తేమ మూడు నుంచి ఐదు శాతం లోపే ఉండాలి. ఉదయం మంచు దట్టంగా ఉన్నప్పుడు తెరిచిన హాల్లో ట్రేలు పరిచేస్తే తేమ లాగుతుంది, వొలిచేటప్పుడు పొట్టు రాదు, బలవంతాన గీకితే గుళ్ళు (నిండు పప్పులు) బద్దలవుతాయి. కిటికీ మూయడం దీనికి పరిష్కారం కాదు. బల్ల మీదికి ఒకసారి ఐదు కిలోలకి మించి ఇవ్వకండి, మిగతాది మూత బిగించిన డబ్బాలో ఉంచండి. గంటలోపు వొలిచేదానికి తేమ పెద్దగా ఎక్కదు.

ఇంకొక బల్ల బయట వేయాలనిపిస్తే వరండాలో వేయండి. పిక్కల గోడౌన్ ఖాళీగా ఉంది కదా అని అక్కడ మాత్రం వద్దు. పచ్చి పిక్కల దుమ్ము, పురుగు వొలిచిన పప్పులోకి చేరతాయి.


సబ్‌సెంటర్_అక్క
2022 జనవరి 11

మనుషుల వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను, బాబూ.

ముందు జట్లు కట్టండి. మీకు ఎలాగూ బల్లకి ఎనిమిది మంది. ఒక ఆటోలో వచ్చేవాళ్ళే ఒక బల్ల, ఆ బల్లే ఒక పంక్తి భోజనం. రోజూ అదే జట్టు, అదే చోటు, మార్చకూడదు. ఇప్పుడు పాతపట్నం వైపు ఆటోలో వచ్చిన ఎనిమిది మంది ఎనిమిది బల్లల మీద కూర్చుంటుంటే ఒకరికి వచ్చినది హాలంతా పాకుతుంది. జట్టు కట్టితే ఒక బల్ల ఆగుతుంది, ఏడు బల్లలు నడుస్తాయి. ఎవరి జట్టులో ఎవరున్నారో పుస్తకంలో రాసి ఉంచండి. ఒకరికి పాజిటివ్ వచ్చిన రోజున ఎవరెవరు దగ్గర ఉన్నారో గుర్తు చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఆటోలో ఉదయం చలికి పక్క కర్టెన్లు దించేస్తారు. అది మీ హాలు కన్నా ఇరుకు. అరగంట ప్రయాణంలో ఒక పక్క కర్టెన్ అయినా పూర్తిగా ఎత్తి కట్టాలి, మాస్కు తీయకూడదు. ఆటోవాళ్ళకి యజమానే చెబితే వింటారు.

భోజనం అన్నిటికన్నా ప్రమాదమైన అరగంట. మాస్కులు ఉండవు, ఎదురెదురు, నవ్వులు, కూరలు ఒకరి డబ్బాలోంచి ఒకరికి. రెండేసి జట్లు, 16 మంది చొప్పున నాలుగు విడతలు, విడతకి 25 నిమిషాలు. పదకొండున్నరకి మొదలుపెడితే ఒంటిగంట పదికి అయిపోతుంది. బయట చెట్టు కింద లేదా వరండాలో, జట్టుకీ జట్టుకీ మధ్య పది అడుగులు, అందరూ ఒకే వైపు మొహం పెట్టి. హాల్లో తినడం ఎవరికీ వద్దు. కూర పంచుకోవద్దంటే మనసుకి కష్టంగా ఉంటుంది, కానీ ఈ నెల రోజులు తప్పదని జట్టు పెద్ద చేత చెప్పించండి.

పైటచెంగు మాస్కు కాదు. గుడ్డ మాస్కు కన్నా మూడు పొరల సర్జికల్ మాస్కు మంచిది, దానికన్నా ఎన్95. ఈ 2022 జనవరిలో ఒమిక్రాన్ పాకే వేగానికి హాల్లో పనిచేసేవాళ్ళకి ఎన్95 ఇవ్వగలిగితే ఇవ్వండి. సర్జికల్ అయితే చెవి దారాలకి అంచు దగ్గర ముడి వేసి, పక్కన లేచిన మడత లోపలికి తోస్తే బుగ్గ దగ్గర సందు పోతుంది. ముక్కు మీద తీగని రెండు వేళ్ళతో నొక్కి గట్టిగా ఊదండి. కళ్ళ వైపు గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదు. మాటల మీద ఉండే పని కాబట్టి మధ్యాహ్నానికి తడిసిపోతుంది. సర్జికల్ రోజుకి రెండు కావాలి. ఎన్95 ఉతకకూడదు, ఎండలో కాల్చకూడదు, శానిటైజర్ చల్లకూడదు. ఆ పొరలో ఉన్న విద్యుత్ గుణమే సన్నటి కణాలని పట్టేది, సబ్బుకీ శానిటైజర్‌కీ అది పోతుంది. మనిషికి వారంలో పని రోజుకి ఒకటి చొప్పున ఇచ్చి కాగితం కవర్లో పేరు, వారం రాసి, రోజుకొకటి వాడించండి. ఈ సోమవారం వాడినది మళ్ళీ వచ్చే సోమవారమే. పొట్టు దుమ్ముతో బరువెక్కినా, దారం సాగినా పారెయ్యాలి. ముందు బిళ్ళలాంటి వాల్వు ఉన్నవి కొనకండి, వదిలే ఊపిరి దాంట్లోంచి నేరుగా బయటికి పోతుంది. కుక్కర్ దగ్గర ఆవిరిలో ఒంటరిగా ఉండే మనిషికి మాస్కు బలవంతం చెయ్యక్కర్లేదు. తడిసిన మాస్కుతో ఊపిరాడక దాన్ని గడ్డం కిందకి లాగేస్తాడు.

థర్మల్ గన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. చలిగాలికి ఆటోలో వచ్చిన నుదురు చల్లగా ఉంటుంది, జ్వరం ఉన్నా తక్కువ చూపిస్తుంది. సోకినవాళ్ళలో చాలామందికి జ్వరమే ఉండదు. దాని బదులు జట్టు పెద్ద రోజూ నాలుగు అడగాలి: గొంతు గరగర ఉందా, ముక్కు కారుతోందా, ఒళ్ళు నొప్పులా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి, సవర వాళ్ళకి వాళ్ళ మాటలో ఒకసారి. నోటీసు అంటించి ఊరుకుంటే చదివేది నలుగురే.

కానీ నిజం చెబుతారా అన్నది కూలి మీద ఆధారపడుతుంది. కిలో లెక్కన పనిచేసే మనిషి "గొంతు నొప్పి" అంటే ఆ వారం కూలి పోతుంది. ఇంట్లో పిల్లలున్న ఏ ఆడది చెబుతుంది? ఒక మాత్ర వేసుకుని వచ్చి కూర్చుంటుంది. యజమానికి లెక్క వేసి చూపించండి. మాటవరసకి రోజుకి 330 రూపాయలు అనుకుంటే ఏడు రోజులకి 2,310. ఐదుగురికి ఇచ్చినా 11,550. హాలు వారం మూతపడితే 64 మంది వొలిచే సరుకు ఆగుతుంది, ఆర్డరు పోతుంది. గత నెల సగటు కూలి తీసి, కనీసం అందులో ముప్పావు వంతు ఇస్తామని సెలవులకి వెళ్ళకముందే, 12వ తేదీనే అందరి ఎదుటా చెప్పండి. పండగ నుంచి వచ్చాక చెబితే అప్పటికే దగ్గు దాచుకుని వచ్చేసి ఉంటారు. ఈఎస్ఐ కట్టే యూనిట్ అయితే, చందా రోజులు సరిపోయినవాళ్ళకి జబ్బు సెలవులో కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి.

లక్షణాలున్న మనిషిని అదే ఆటోలో ఇంటికి పంపకండి. బయట నీడలో కూర్చోబెట్టి మాస్కు ఇచ్చి పరీక్షకి పంపండి. ఇంట్లో చేసుకునే కిట్టు మెడికల్ షాపులో దొరుకుతుంది. పావుగంటకి చూడాలి, 20 నిమిషాలు దాటాక కనిపించే గీతని లెక్కలోకి తీసుకోకూడదు. పాజిటివ్ వస్తే పాజిటివే. లక్షణాలుండి నెగెటివ్ వస్తే మాత్రం ఆర్‌టీపీసీఆర్ చేయించాలి, అంతవరకు పనికి రాకూడదు.

2022 జనవరి 5న వచ్చిన కేంద్రం నిబంధన ప్రకారం, తేలికగా ఉన్నవాళ్ళు పాజిటివ్ వచ్చిన నాటి నుంచి కనీసం ఏడు రోజులు ఇంట్లో విడిగా ఉండాలి. చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదు. తిరిగి పనికి రావడానికి మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. నెగెటివ్ రిపోర్టు తెస్తేనే రానిస్తామని మీరు పట్టుబట్టకండి. ఆర్‌టీపీసీఆర్‌లో కొందరికి వారాల తరబడి పాజిటివే వస్తుంది. వచ్చాక ఇంకో మూడు నాలుగు రోజులు కిటికీ పక్కన, ఎన్95తో కూర్చోబెట్టండి, భోజనం విడిగా.

ఆక్సిమీటరు యూనిట్‌లో ఒకటి ఉంచి, ఇంట్లో ఉన్న జట్టుకి పంపండి. గంటలో మూడుసార్లు చూసినా 93 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరి ఆడకపోవడం, గుండెలో నొప్పి, మాట తడబడటం ఉంటే అంకె కోసం ఆగొద్దు. వేళ్ళు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబడ్డాక పెట్టాలి. కటింగ్ వాళ్ళ వేళ్ళు జీడితో నల్లబడి ఉంటాయి, ఆ వేళ్ళ మీద అంకె తప్పు రావచ్చు. నల్లబడని వేలు చూసి పెట్టండి.

టీకా సంగతి పుస్తకంలో రాసుకోండి. ఈ 2022 జనవరి నాటి లెక్కన కోవిషీల్డ్ రెండో డోసు 12 నుంచి 16 వారాలకి, కోవాగ్జిన్‌కి నాలుగు వారాలకి. చాలామందికి రెండో డోసు గడువు దాటిపోయి ఉంటుంది. ఆంధ్రా వైపు మొదటి డోసు వేసుకున్నా ఇక్కడ రెండోది వేస్తారు, ఫోను నంబరు, ఆధార్ అదే ఇస్తే చాలు. ఎదురుచూసి కూలి పోతుందని వెళ్ళరు, కాబట్టి ఆ పూట కూలి ఇచ్చి పంపండి.


పర్లాకిమిడి_పప్పు
2022 జనవరి 12

అందరికీ చేతులెత్తి నమస్కారం. యజమాని ఏడు రోజులకి ముప్పావు కూలికి ఒప్పుకున్నారు, ఈ సాయంత్రం బల్ల బల్లకీ చెప్పాం. ప్లాస్టిక్ షీట్ల ఆర్డరు ఆపేశాం.

ఫ్యాన్ల ప్లేట్లు చూశాను, ఒక్కోటి 2,400 సీఎంహెచ్. కాగితం పరీక్ష చేస్తే రెండోది నిజంగానే లోపలికి ఊదుతోంది. వైర్లు మార్పించాం. తూర్పు కిటికీలు మూడూ తీసి రెండు ఫ్యాన్లూ వేస్తే ఆరు బల్లల మీద పొట్టు కదల్లేదు. కిటికీల పక్కనున్న రెండు బల్లల మీద మాత్రం ఇంకా జరుగుతోంది, గుళ్ళ ట్రేలోకి పడుతోంది. ఆ బల్లల వాళ్ళు చలి అని కూడా అంటున్నారు. కిటికీ సగం మూయమంటారా?


ఎగ్జాస్టు_రాయగడ
2022 జనవరి 12

సగం మూస్తే వేగం రెట్టింపు అవుతుంది, ఆ రెండు బల్లలతో పాటు వెనకవి కూడా ఎగురుతాయి. తెరిచే ఉంచండి.

కిటికీ అడుగు అంచుకి లోపలి వైపు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్ పలక ఒకటి ఏటవాలుగా బిగించండి. కింది అంచు గోడకి ఆనాలి, పై అంచు గదిలోకి వంగి ఉండాలి, పుస్తకం సగం తెరిచినట్టు. గాలి పలక మీదుగా పైకి లేచి కప్పు కింద నుంచి పరుచుకుంటుంది, బల్ల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. కూర్చున్నవాళ్ళ వీపుకి చలిగాలి కూడా నేరుగా తగలదు. ఆ రెండు బల్లల్ని గోడ నుంచి నాలుగడుగులు లోపలికి జరపండి. 2,400 చొప్పున రెండు ఫ్యాన్లకి మీకు దక్కేది 3,200 దాకా ఉంటుంది, 64 మందికి అవసరమైన దానికన్నా ఎక్కువే. కాబట్టి పలక వల్ల కొంత తగ్గినా ఫర్వాలేదు. కరెంటు పోతే జనరేటరు మీద కనీసం ఒక ఫ్యాన్ నడిచేలా లైను వేయించండి, అంతసేపు పడమటి గోడకి ఫ్యాన్లకి దూరంగా ఉన్న ఒక కిటికీ కూడా తీయండి.


నాణ్యత_గుణుపూర్
2022 జనవరి 13

పొట్టు ఎగరడానికి అసలు అది బల్ల మీద ఎందుకు పోగవ్వాలి? వొలిచిన పొట్టు పడటానికి ప్రతి మనిషి ముందూ మూడంగుళాల అంచున్న లోతు ట్రే పెట్టండి, పళ్ళెం వద్దు. అరగంటకోసారి మూత ఉన్న డబ్బాలోకి వంచాలి, గోనె సంచిలోకి కాదు. గుళ్ళ ట్రే గాలి వచ్చే వైపు, పొట్టు ట్రే గాలి పోయే వైపు ఉండాలి. మీకు గాలి తూర్పు నుంచి కాబట్టి గుళ్ళు తూర్పు చేతి వైపు, పొట్టు పడమటి చేతి వైపు. నేల మీద పడింది చీపురుతో ఊడిస్తే మళ్ళీ లేస్తుంది. తడి గోనెపట్టాతో లాగండి, అది కూడా జట్లు భోజనానికి బయటికి వెళ్ళాక.